కళ్ళజోడు జేబులోకి ఎందుకు పోతుంది?

పుణె జిల్లాలో బడి పిల్లలకు కంటి పరీక్షలు చేసి అద్దాలు ఇచ్చారు. ఆరు నెలల నుంచి ఏడాది గడిచాక పరిశోధకులు చెప్పాపెట్టకుండా ఆ బడులకు వెళ్ళి చూశారు. పరిశీలించిన 1,018 మంది పిల్లల్లో ఆ రోజు ముఖాన కళ్ళజోడు ఉన్నవాళ్ళు 29.5 శాతమే. లేనివాళ్ళలో మూడింట రెండొంతుల మంది అద్దాలు ఇంట్లోనే ఉన్నాయి. 2013లో వచ్చిన లెక్క ఇది.

అలాంటి ప్రయత్నమే హైదరాబాద్ బడుల్లోనూ జరిగింది. లండన్ పరిశోధకులు, ఇక్కడి పుష్పగిరి కంటి ఆసుపత్రి వైద్యులు కలిసి 11 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు అద్దాలు రాశారు. సగం బడుల్లో మామూలు పద్ధతిలో ఇచ్చేసి ఊరుకున్నారు. మిగతా సగంలో ఇంకాస్త శ్రమపడ్డారు. అద్దాలు లేకపోతే ఈ పిల్లకు లోకం ఎంత మసగ్గా కనిపిస్తుందో చూపించే ఫొటో తయారుచేసి, అమ్మానాన్నలకు చూపించమని పిల్లల చేతికే ఇచ్చారు. ఇళ్ళకు ఫోన్లో వాయిస్ మెసేజ్‌లు పంపారు. మూడు నాలుగు నెలల తర్వాత చూస్తే, శ్రమపడిన బడుల్లో అద్దాలు పెట్టుకున్నవాళ్ళు 53.6 శాతం, ఊరుకున్న బడుల్లో 52.9 శాతం. తేడా లేదనే అనుకోవాలి. పిల్లలకిచ్చిన ఆ ఫొటోల్లో చాలావరకు అసలు ఇంటికే చేరలేదట.

పెట్టుకోకపోవడానికి మామూలు కారణాలూ ఉన్నాయి. విరిగిపోతాయి, పోతాయి, తమ్ముడు తొక్కేస్తాడు. పవర్ తక్కువున్న పిల్లకు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా పెద్ద తేడా తెలియదు. పుణెలోనూ పవర్ ఎక్కువున్నవాళ్ళే ఎక్కువగా పెట్టుకున్నారు. కానీ బోర్డు మీది అక్షరాలు కనపడక పక్కవాడి నోట్సు చూసి రాసుకునే పిల్లాడు కూడా కళ్ళజోడు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడంటే, వాడి లెక్కలో బోర్డుకంటే బరువైనది ఇంకేదో ఉంది. ఆ ఇంకేదోకి మనం పెట్టుకున్న పేరు ఆత్మవిశ్వాసం. అద్దాలొస్తే ఆత్మవిశ్వాసం తగ్గుతుందని కొందరు, కాంటాక్ట్ లెన్సులు పెట్టిస్తే పెరుగుతుందని కొందరు, అవన్నీ మన భ్రమలని ఇంకొందరు అంటారు. తమాషా ఏమిటంటే ముగ్గురికీ ఆధారాలు దొరుకుతాయి.

ముందుగా వెక్కిరింతల సంగతి. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ పరిసరాల్లో పుట్టిన వేలాది మంది పిల్లలను ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. అందులో ఎనిమిదిన్నరేళ్ళ పిల్లలను విడివిడిగా కూర్చోబెట్టి, తోటివాళ్ళు కొడుతున్నారా, పేర్లు పెట్టి ఏడిపిస్తున్నారా అని అడిగారు. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు, సోమరి కన్నుకు (ఒక కంటి చూపు మందగించే లోపం) చికిత్సగా ఎప్పుడైనా మంచి కంటికి ప్యాచ్ కట్టించుకున్నవాళ్ళు అలాంటి వేధింపులకు గురయ్యే అవకాశం మిగతావాళ్ళకంటే 35 శాతం ఎక్కువని తేలింది. 2005లో వచ్చిన ఫలితం ఇది. ఈ అంకెను చాలామంది తప్పుగా చదువుతారు. అద్దాలున్న వందమందిలో 35 మందిని ఏడిపిస్తారని దీని అర్థం కాదు. మామూలు పిల్లలు వందలో ఇరవై మంది వేధింపులు పడుతున్నారనుకుందాం, ఉదాహరణకే. అద్దాలున్నవాళ్ళలో ఆ ఇరవై ఇరవై ఏడు దాకా పోతుంది. అంటే అద్దాల వల్ల ఇబ్బంది పెరగడం నిజం, అద్దాలున్న ఎక్కువమంది పిల్లలు ఏ గొడవా లేకుండా బతికేయడమూ నిజం.

మన బడుల్లో ఈ వెక్కిరింతకు పేర్లు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. సోడాబుడ్డి, నాలుగు కళ్ళు, బ్యాటరీ. తరాలుగా చేతులు మారుతూ వస్తున్నాయి.

ఇక లెన్సుల సంగతి. దీన్ని నేరుగా పరీక్షించిన అధ్యయనం ఒకటి అమెరికాలో జరిగింది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ వాలీన్ బృందం 8 నుంచి 11 ఏళ్ళ పిల్లలు 484 మందిని తీసుకుంది. అందరికీ మైనస్ పవరే, అంటే దూరంగా ఉన్నవి మసగ్గా కనిపించేవాళ్ళే. ఎవరికి అద్దాలు, ఎవరికి మెత్తని కాంటాక్ట్ లెన్సులు అన్నది చీటీ తీసినట్టుగా నిర్ణయించి, మూడేళ్ళ పాటు గమనించారు. ఈ చీటీ పద్ధతే దీనికి విలువ తెచ్చింది. లేకపోతే లెన్సులు అడిగి మరీ పెట్టించుకునే పిల్లలు మొదటినుంచీ చురుకైనవాళ్ళో, డబ్బున్న ఇళ్ళవాళ్ళో అయి ఉంటారు, అప్పుడు తేడా లెన్సులదో ఇంటిదో చెప్పలేం.

పిల్ల తన గురించి తాను ఏమనుకుంటోందో కొలవడం ఎలా? దీనికి వాళ్ళు వాడినది సూజన్ హార్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో తయారుచేసిన ప్రశ్నావళి. అందులో ప్రశ్నలడిగే తీరు చాలా తెలివైనది. “నీ రూపం నీకు నచ్చుతుందా?” అని ముఖం మీద అడిగితే ఏ పిల్లయినా పెద్దవాళ్ళకు నచ్చే జవాబే చెబుతుంది. అందుకని ఈ పద్ధతిలో ముందు రెండు రకాల పిల్లలను చూపిస్తారు. కొంతమంది పిల్లలకు తాము కనిపించే తీరు నచ్చుతుంది, కానీ ఇంకొంతమందికి వేరేలా ఉంటే బాగుండేదనిపిస్తుంది, నువ్వు ఎవరిలాంటిదానివి? రెండువైపులా ‘కొంతమంది పిల్లలు’ ఉన్నారు కాబట్టి ఎటు చెప్పినా తప్పు చేసినట్టు ఉండదు. ఒకవైపు ఎంచుకున్నాక, అచ్చం అలాగేనా, కాస్త అలానా అని అడుగుతారు. దాన్నిబట్టి ఒకటి నుంచి నాలుగు దాకా మార్కు. ఇలా చదువు, ఆటలు, తోటివాళ్ళలో కలుపుగోలుతనం, రూపం, ప్రవర్తన అని ఐదు విషయాలు అడుగుతారు. ఇవి కాక ఆరోది, మొత్తం మీద నేనంటే నాకు ఇష్టమేనా అన్నది. ఈ ఆరోది మిగతా ఐదింటి సగటు కాదు. దాని ప్రశ్నలు దానికి వేరుగా ఉంటాయి.

వాలీన్ బృందం అన్నిటికంటే ముందు చూడాలనుకున్నది ఆ ఆరోదే. మూడేళ్ళ తర్వాత రెండు గుంపులకూ అందులో చెప్పుకోదగ్గ తేడా లేదు. అద్దాల పిల్లలు తమను తాము ఎంత ఇష్టపడ్డారో లెన్సుల పిల్లలూ అంతే. కానీ మూడు చోట్ల లెన్సుల గుంపు ముందుంది: రూపం, ఆటలు, తోటివాళ్ళతో కలవడం. 2009లో ఇది అచ్చయింది. ‘లెన్సులతో పిల్లల్లో పెరిగిన ఆత్మవిశ్వాసం’ అని దీన్నే శీర్షిక చేయొచ్చు, ‘లెన్సులతో ఒరిగేదేమీ లేదు’ అనీ చేయొచ్చు.

ఈ పరిశోధనకు డబ్బిచ్చింది జాన్సన్ అండ్ జాన్సన్, అంటే లెన్సులు అమ్మే కంపెనీ. అంతమాత్రాన ఫలితం అబద్ధమని కాదు. కంపెనీకి బాగా పనికొచ్చే ఆరో మార్కు పెరగలేదని వాళ్ళే రాసుకున్నారు కదా. అయితే మరో చిక్కుంది. తనకు ఏది వచ్చిందో ప్రతి పిల్లకూ తెలుసు. మందుల పరీక్షల్లోలా ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి దాచడానికి కుదరదు. లెన్సులొచ్చిన పిల్ల ఏదో గెలిచినట్టు సంబరపడి, ఆ సంబరంలోనే మంచి మార్కులు వేసుకుని ఉండొచ్చు. మూడేళ్ళూ ఆ సంబరం నిలుస్తుందా అంటే అనుమానమే. అందుకే ఈ తేడాల్లో కొంతైనా నిజమని నేను నమ్ముతాను.

రూపం మీద నమ్మకం పెరిగి, మొత్తం మీద తన విలువ పెరగకపోవడం ఎలా? హార్టర్ సొంత పరిశోధనలే దీన్ని ఇంకాస్త చిక్కుముడి చేస్తాయి. పిల్లల్లోనూ కౌమారంలోనూ తమ విలువతో అన్నిటికంటే గట్టిగా ముడిపడి ఉండేది చదువో ఆటలో కాదు, రూపమేనని ఆమె మళ్ళీ మళ్ళీ గమనించారు. మరి రూపం మార్కు పెరిగితే విలువ మార్కూ పెరగాలిగా? ముడి ఎటునుంచి ఎటు పడిందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. అందంగా ఉన్నాననుకోవడం వల్ల తనంటే తనకు ఇష్టం కలుగుతుందా, తనంటే ఇష్టం ఉన్న పిల్లకు అద్దంలో తన ముఖం బాగానే కనిపిస్తుందా? హార్టర్ ఈ రెండు దారులనూ పట్టించుకున్నారు. నాకు రెండోది చాలామంది పిల్లల విషయంలో సరిపోతుందనిపిస్తుంది. ఇంట్లో ముద్దుగా పెరిగిన పిల్ల కళ్ళజోడుతో అద్దం ముందు నిలబడి రకరకాల ముఖాలు పెట్టుకుని నవ్వుకుంటుంది. కళ్ళజోడు తీసేసినంత మాత్రాన, పోలికలతో నలిగిన పిల్లకు ఆ నవ్వు రాదు.

అలాగని లెన్సులు వృథా అనడానికీ లేదు. అదే అధ్యయనంలో ఇంకో ముక్క ఉంది, తల్లిదండ్రులకు అన్నిటికంటే పనికొచ్చేది బహుశా ఇదే. మొదట్లోనే పిల్లలను ‘నీకు నీ అద్దాలు నచ్చాయా’ అని అడిగి రాసుకున్నారు. నచ్చలేదన్న పిల్లల్లో లెన్సులు వచ్చినవాళ్ళకు చదువు విషయంలో కూడా తమ మీద నమ్మకం పెరిగింది. లెన్సు పెట్టుకుంటే లెక్కలు రావు కదా! అద్దాలంటే గిట్టని పిల్ల వాటిని తీసి సంచిలో పడేస్తుంది, వెనక బెంచీలో చూపు ఆనక ఊహించి రాస్తుంది, లెన్సు మాత్రం రోజంతా కంట్లోనే ఉంటుంది. చదువు మీద నమ్మకం వెనక ఈ మామూలు కారణమే ఉండొచ్చు, కాకపోతే ఇది నా ఊహ. అద్దాలతో హాయిగా ఉన్న పిల్లకు ఆ లాభం కనపడలేదు. కాబట్టి ‘పిల్లలకు లెన్సులు మంచివా?’ అన్న ప్రశ్నకు జవాబు లేదు. ‘ఈ పిల్లకు ఈ అద్దాలు నచ్చాయా?’ అన్నదానికి ఉంది.

అసలు కళ్ళజోడు పిల్లలను తోటి పిల్లలు ఎలా చూస్తారు? వాలీన్ దీన్నీ పరీక్షించారు. 6 నుంచి 10 ఏళ్ళ పిల్లలు 80 మందికి జంటజంటలుగా ఫొటోలు చూపించి, ఒకరు అద్దాలతో, ఒకరు లేకుండా, ఎవరితో ఆడుకుంటావు, ఎవరు అందంగా ఉన్నారు, ఎవరు తెలివైనవాళ్ళలా ఉన్నారు అని అడిగారు. స్నేహానికీ అందానికీ అద్దాలు అడ్డు కాలేదు. తెలివైనవాళ్ళు, నిజాయితీపరులు అనిపించినది మాత్రం అద్దాలున్న ముఖాలే. పెద్దవాళ్ళం ఊహించుకునే భయంలో కొంత మన పాత సినిమా హాస్యగాళ్ళ దగ్గర నేర్చుకున్నదన్నమాట. అయితే పదేళ్ళలోపు పిల్లల మాట ఇది. పన్నెండు పదమూడు దాటాక లెక్క మారుతుంది. ఆ వయసు పిల్లలు, ఎప్పుడూ ఎవరో తమనే చూస్తున్నట్టు ఊహించుకుంటారని డేవిడ్ ఎల్‌కైండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లోనే రాశాడు. ముక్కు మీద మొటిమ వస్తేనే బడి మానేస్తామనే వయసులో ముఖం నడిమధ్య ఫ్రేము చిన్న విషయం కాదు. పైగా తెలివైనవాళ్ళన్న ముద్ర కూడా ఉచితంగా రాదు. అద్దాలున్న పిల్లాడికి తరగతి లీడరు ఉద్యోగం ఇస్తారు, కబడ్డీ జట్టులో చోటివ్వరు. 1990లో కళ్ళజోడుతోనే టెస్టు క్రికెట్‌లోకి వచ్చిన అనిల్ కుంబ్లేను చూసి ఒక తరం కళ్ళజోడు పిల్లలు గల్లీ క్రికెట్‌లో బంతి అడిగి తీసుకున్నారు, అది వేరే సంగతి.

ఇప్పటిదాకా బడి గురించి మాట్లాడాం. నా మటుకు నాకు కళ్ళజోడు మొదట గుచ్చుకునేది ఇంట్లోననిపిస్తుంది. ఆప్టికల్స్ షాపులో మొదటి జోడు కొనే రోజు కాసేపు నిలబడి వినండి. నాలుగో తరగతి పిల్ల వంకాయ రంగు ఫ్రేము పెట్టుకుని “అమ్మా, ఇది బాగుందా?” అంటుంది. “బాగుండటమేంటే, అద్దాలు అద్దాలే. ఆ నల్లది తీసుకో, గట్టిగా ఉంటుంది” అంటుంది తల్లి. పక్కన నాయనమ్మ అందుకుంటుంది: “ఆ ఫోను వద్దు వద్దంటే విన్నావా? అనుభవించు ఇప్పుడు.” షాపతను రెండూ పక్కన పెట్టి “పవర్ తక్కువేలెండి అమ్మా, ఎవరికీ తెలియదు” అని సర్దిచెబుతాడు. ఈ మూడు మాటలతో ఆ పిల్లకు అందింది ఏమిటి? ఇది అందం సంగతి కాదు, ఇది నీ తప్పుకు శిక్ష, ఇది ఎవరికీ తెలియకూడదు. బడిలో ఎవడో బ్యాటరీ అనకముందే పిల్ల సిద్ధమైపోయింది.

శిక్ష అన్న మాటకు శాస్త్రం కూడా ఒప్పుకోదు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసే పని, ఎండలో తిరగకపోవడం హ్రస్వదృష్టిని, అంటే మైనస్ పవర్‌ను పెంచుతాయన్నది నిజమే. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిలోనే రోజూ 40 నిమిషాలు అదనంగా బయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్ళలో మైనస్ పవర్ కొత్తగా వచ్చినవాళ్ళు మామూలు బడుల్లో 39.5 శాతం ఉంటే వీళ్ళలో 30.4 శాతం. మంచి లాభమే. కానీ బయట ఆడినవాళ్ళలోనూ వందకు ముప్పై మందికి వచ్చింది. తల్లికో తండ్రికో అద్దాలుంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుందని తెలిసిందే. అలాంటప్పుడు తప్పు పిల్లదని ఎలా అంటాం? అద్దాలు అలవాటైతే కళ్ళు మరీ పాడవుతాయని పవర్ తగ్గించి రాయించుకునేవాళ్ళూ ఉన్నారు. మలేషియాలో చేసి 2002లో అచ్చయిన పరీక్షలో పవర్ తగ్గించి ఇచ్చిన పిల్లలకే సైటు ఇంకా తొందరగా పెరిగింది.

ఆడపిల్లల సంగతి మరో రకం. “ఫొటోకి కళ్ళజోడు తియ్యవే” అన్నది ఓణీల ఫంక్షన్లో వినపడకపోతే ఆశ్చర్యం. “పెళ్ళినాటికి లేజర్ చేయిద్దాంలే” అన్న ఓదార్పు పదేళ్ళ పిల్లకూ దొరుకుతుంది. ఇంట్లో వేడుక ఆల్బమ్ నిండా కళ్ళజోడు లేని తన ముఖమే ఉంటే, అసలు ముఖం అదేనని, రోజూ పెట్టుకు తిరిగేది తాత్కాలికమని పిల్ల అనుకుంటుంది. ఇంతచేసీ, పుణె లెక్కల్లో అద్దాలు పెట్టుకోవడంలో అబ్బాయిలకంటే అమ్మాయిలే నయం. సిగ్గు అమ్మాయిలకే ఎక్కువ, అబ్బాయిలకు పట్టదు అని మనం వేసుకునే లెక్కను ఈ ఒక్క అంకె తిరగేస్తుంది. అబ్బాయిలు సిగ్గని చెప్పరు, పోయిందంటారు.

ముఖం ఎలా కనిపిస్తుందన్న బాధలో కొంత అచ్చంగా కళ్ళద్దం చేసే పనే. మైనస్ అద్దం వెనక కళ్ళు చిన్నవైనట్టు, చెంపల అంచు లోపలికి నొక్కుకుపోయినట్టు కనిపిస్తాయి. ప్లస్ అద్దం కళ్ళను పెద్దవి చేసి చూపిస్తుంది. పవర్ పెరిగేకొద్దీ ఇది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. సోడాబుడ్డి అన్న మాట పుట్టింది ఆ మందం నుంచే. దీన్ని చాలావరకు తగ్గించవచ్చు. మైనస్ అద్దం అంచుల్లో మందంగా ఉంటుంది కాబట్టి పెద్ద ఫ్రేము కొంటే ఆ మందమంతా మిగిలిపోతుంది. చిన్న ఫ్రేములో, నల్లగుడ్డు సరిగ్గా మధ్యకు వచ్చేలా బిగిస్తే మందపు అంచు కోతలో పోతుంది. ‘పెరిగే పిల్ల, రెండేళ్ళు రావాలి’ అని చొక్కా కొన్నట్టు పెద్ద సైజు కొనే అలవాటు ఇక్కడ రెండు విధాలా దెబ్బ: అద్దం మందమవుతుంది, ఫ్రేము ముక్కు మీదినుంచి జారుతుంది. జారే కళ్ళజోడును నిమిషానికోసారి వేలితో తోసుకునే పిల్లకు అది తన ముఖాన ఉందన్న సంగతి మరుపుకు రాదు. పవర్ ఎక్కువైతే హై ఇండెక్స్ అద్దాలు పలచగా వస్తాయి, ధర మాత్రం పలచగా ఉండదు.

లెన్సులే కావాలనుకుంటే, వయసు అంత పెద్ద అడ్డు కాదు. అమెరికాలోనే మరో అధ్యయనంలో 8 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు లెన్సులు అమర్చి నేర్పడానికి, 13 నుంచి 17 ఏళ్ళవాళ్ళకు పట్టినదానికంటే సగటున ఓ పావుగంటే ఎక్కువ పట్టింది. ఆ పావుగంట కూడా చాలావరకు కంట్లో పెట్టుకోవడం, తీయడం నేర్పడానికే. పిల్ల బాధ్యత ఎంతన్నదే చూసుకోవాలి. చెప్పులు ఎక్కడ విప్పిందో మరిచిపోయే పిల్లకు రోజూ సబ్బుతో చేతులు కడిగి, తుడిచి, లెన్సు తీసి పడుకోవడం అబ్బుతుందా? లెన్సుతోనే నిద్రపోవడం, కుళాయి నీళ్ళతో కడగడం, లెన్సులుండగానే ఈతకొలనులో దిగడం ప్రమాదం. నీళ్ళలో ఉండే అకాంతమీబా అనే జీవి నల్లగుడ్డుకు పట్టిందంటే వదిలించడం నెలల పని, చూపే పోవచ్చు. ఏ రోజుకారోజు పారేసే లెన్సులు పిల్లలకు నయం, కాకపోతే ఖర్చు. కన్ను ఎర్రబడిన రోజు లెన్సు మాని అద్దాలే పెట్టుకోవాలి, కాబట్టి లెన్సులు కొన్నా మంచి కళ్ళజోడు ఒకటి ఉండాల్సిందే. అద్దాలకు భయపడి లెన్సుల్లోకి వెళ్ళిన పిల్లకు కళ్ళజోడుతో బడికి వెళ్ళాల్సిన రోజు ఏదో ఒకనాడు వస్తుంది.

పిల్ల అద్దాలు పెట్టుకోవట్లేదని తెలిసినప్పుడు “ఎందుకు పెట్టుకోవట్లేదు?” అని నిలదీస్తే “పెట్టుకుంటున్నా” అన్న అబద్ధమే వస్తుంది. హార్టర్ తరహాలో అడిగి చూడవచ్చు. కొంతమంది పిల్లలు ఆటల పీరియడ్‌లో తీసేస్తారట, కొంతమంది బస్సులో తీసేస్తారట, కొంతమంది ఫొటోలప్పుడు తీసేస్తారట, నువ్వెప్పుడు తీస్తావు? ఆటల్లో అంటే వెనక బిగించే పట్టీ, అంత సులువుగా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు చాలు, మహా అయితే ఆటలకు మాత్రం లెన్సులు. బస్సులో అంటే ఆ బస్సులో ఏడిపించేవాడొకడు ఉన్నాడు, మాట్లాడాల్సింది కళ్ళ డాక్టరుతో కాదు, టీచరుతో. ఫొటోలప్పుడు అంటే ఆ మాట ఎవరు నేర్పారో ఇంట్లోవాళ్ళకు తెలుసు. రోజంతా తీసే ఉంచుతున్నా, తలనొప్పి అంటే మాత్రం ముందు పవర్ మళ్ళీ చూపించండి. రాసిన పవరే తప్పయి ఉండొచ్చు.